నాగలక్ష్మి పేరు మీద కాయితం

"ఈ ఏడాదిలో కడుపు రావడం గానీ, పోవడం గానీ ఏమైనా జరిగిందామ్మా?"

డాక్టర్ భార్గవి ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పట్టి చూస్తూనే అడిగింది. అడిగింది మంచం మీద కూర్చుని తువాలలోకి దగ్గుతున్న సంపూర్ణను. సంపూర్ణ తువాల నోటికి అదిమి పట్టుకుని మొగుడి వంక చూసింది. జవాబు సవరయ్య చెప్పాడు.

"లేదు మేడం. కాన్పయింది మా బిడ్డకు. ఈమె అమ్మమ్మ."

అడగకముందే తయారు చేసి పెట్టుకున్న మాటలాగా వచ్చింది. పక్కన నిలబడ్డ కూతురు బ్లెస్సీ సిగ్గుపడి నవ్వింది. "మా అమ్మకు నలభై మూడేండ్లు మేడం. ముట్లు గూడ సరిగ రావట్లేదు," అంది. మంచం కాళ్ల దగ్గర ఫ్లాస్కు తుడుస్తున్న నాగలక్ష్మి మాత్రం నవ్వలేదు. నాగలక్ష్మి వాళ్ల ఊరి మనిషి, సవరయ్య నడిపే మిర్చి ఏరుడు ముఠాలో కూలికొచ్చే ఆమె. బ్లెస్సీకి రెండు నెలల పసిపాప ఉంది కాబట్టి, ఖమ్మంలో ఈ పెద్ద దవాఖానాలో సంపూర్ణ దగ్గర ఉండటానికి ఎవరూ పిలవకుండానే బట్టల సంచితో వచ్చి కూర్చుంది.

"రెండు ఊపిరితిత్తుల్లోనూ గుండ్రటి మచ్చలున్నాయి," అంది డాక్టరమ్మ. "టీబీ కోసం రెండుసార్లు తెమడ చూశాం, రాలేదు. ఎల్లుండి పక్కటెముకల సందులోంచి సూది పెట్టి చిన్న ముక్క తీస్తాం. అప్పుడు గానీ తేలదు."

ఆమె పక్క మంచానికి వెళ్లిపోయింది. సవరయ్య వరండాలోకి వచ్చి గోడకు ఆనుకున్నాడు. ఊపిరితిత్తులు అన్న మాట అతను వినడం ఇది మొదటిసారి కాదు. ఆరు నెలల కింద కొత్తగూడెంలో ఇంకో డాక్టరమ్మ అదే మాట అంది. ఆ రోజు ఆ మాటను ఆ గుమ్మంలోనే వదిలేసి వచ్చాడు. ఇప్పుడది దారి వెతుక్కుంటూ వచ్చి పెళ్లాం ఎక్స్‌రేలో కనబడుతోంది.

సవరయ్యది మద్దులగుంపు. అడవి అంచున ఎనభై గడపల ఊరు, ఒక పక్క టేకు చెట్లు, ఇంకో పక్క మిరప తోటలు. ఏడో తరగతిలో బడి మానేసిన దగ్గర్నుంచి మిర్చిలోనే బతికాడు. ఏరేవాడిగా మొదలై, గోనె బోరాల్లో మిర్చి తొక్కి, చివరికి ముఠా మేస్త్రీ అయ్యాడు. ఏరుడు రోజుల్లో పొద్దున్నే ట్రాలీ ఆటో నిండా పాతికమంది ఆడవాళ్లను తోటలకు తోలుకుపోయేవాడు. ఆదివారం చర్చిలో సంఘపెద్ద, ముందు వరుసలో కూర్చునే మనిషి. ఇవన్నీ ఉన్నా ఊళ్లో అతనికి పేరు తెచ్చింది నోరు. నవ్వుతూ ఏరితే బోరా తొందరగా నిండుతుందని అతని నమ్మకం. నవ్వాలంటే ఎవరో ఒకరి మీద నవ్వాలి. పూటకొకరిని ఎంచుకునేవాడు.

మూడేళ్ల కింద ఆ వంతు నాగలక్ష్మికి వచ్చింది. ఆమెకు నలభై, కూతురు సాహిత్యకు మూడో నెల కడుపు. అప్పుడే తల్లి కూడా నెల తప్పింది. ఊరికి తెలిసిన మర్నాడు మిరప సాళ్ల మధ్య నిలబడి సవరయ్య, నాగలక్ష్మి మొగుడిని కేకేశాడు.

"ఏంది కోటేషూ, తల్లికీ బిడ్డకూ ఒకటే ఆటో మాట్లాడుతున్నవంట? కిరాయి కలిసొస్తదనా?"

పాతికమంది నవ్వారు. మర్నాడు ఇంకోటి. "కోటేషు గట్టోడే. ఒక్క ఏడాదిల తండ్రయితుండు, తాతయితుండు. పుట్టినోళ్లల్ల ఎవలు ఎవలో చీటీ రాసి కట్టాలె." నాగలక్ష్మి తల వంచుకుని ఏరుతూనే ఉంది. ఆ మాటలు ఆ సీజనంతా తోట నుంచి తోటకు పాకాయి. ఉగాది దాటేసరికి ఆమెకు కడుపు లేదు. ఎందుకు నిలవలేదో ఆమె చెప్పలేదు. అడగడానికి ఎవరికీ మొహం లేదు. సవరయ్య అయితే ఆ సంగతే మరిచిపోయాడు.

మొన్న నవంబరులో సంపూర్ణకు ఒకటే వాంతులు. మంచినీళ్లు కూడా ఇమడలేదు. కడుపులో పుండనుకున్నారు, ముట్లుడిగే వయసు తిప్పలనుకున్నారు. ఆఖరికి సంపూర్ణే కొత్తగూడెం నుంచి పరీక్ష పట్టీ తెప్పించుకుంది. దాని మీద రెండు గీతలు పడ్డాయి.

అప్పటికి బ్లెస్సీకి నాలుగో నెల. అల్లుడు డేవిడ్ కొత్తగూడెంలో ఉద్యోగస్తుడు, మర్యాద తెలిసినవాడు. క్రిస్మస్‌కు బ్లెస్సీని తీసుకొస్తానని కబురు కూడా పెట్టాడు. సంపూర్ణ కడుపు చూస్తే మామూలుగా లేదు. రెండు నెలలకే అయిదు నెలల ఎత్తు వచ్చింది. కూతురి కడుపును తల్లి కడుపు దాటిపోయింది. చీర ఎంత వదులుగా కట్టినా దాగడం లేదు.

"ఉంచుకుందామయ్యా," అంది సంపూర్ణ ఒకనాడు మెల్లగా. "బ్లెస్సీ బిడ్డతోని పెరుగుతది. సిగ్గుపడేదేదో నేను పడుత. నీకేంది?"

"నాకేందా? ఆ ట్రాలీలో పాతికమంది నన్ను బతకనిస్తరా? చర్చిల మొహమెట్ల పెట్టుకోవాలె?"

"ఎవలేమంటరు?"

ఏమంటారో సవరయ్యకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఆ మాటలన్నీ తను అల్లినవే.

పక్క మండలానికి పోయి, మొహం తెలియని మందుల దుకాణంలో గోలీలు తెచ్చాడు. అవి చేతిలో పెట్టే ముందు ఒట్టు వేయించుకున్నాడు.

"బ్లెస్సీ కడుపు మీద ఒట్టు. ఇది మనిద్దరి మధ్యనే ఉండాలె."

"బిడ్డ కడుపు మీదనా?" అంది సంపూర్ణ.

"అవ్. గట్లయితేనే నీ నోరు ఆగుతది."

ఆమె ఒట్టు వేసి గోలీలు మింగింది.

మర్నాడు మధ్యాహ్నానికి రక్తం మొదలైంది. ఆగలేదు. దొడ్లో నుంచి సంపూర్ణ పిలిస్తే వెళ్లి చూశాడు. ఆ రక్తంలో పిండం లాంటిదేమీ లేదు. ఉడికిన సగ్గుబియ్యం లాగా, తెల్లటి ద్రాక్ష గుత్తి లాగా నీటి బుడగలు. "ఇదేందయ్యా, నా కడుపుల గుడ్లున్నయా?" అని అడిగి సంపూర్ణ అక్కడే కూలబడింది.

ఆటోలో వేసుకుని కొత్తగూడెంలో ఒక చిన్న నర్సింగ్‌హోముకు తీసుకుపోయాడు. లోపల సంపూర్ణను బల్ల ఎక్కించారు. బయట ప్రమీల అనే నర్సు రిజిస్టరు తెరిచి పేరు అడిగింది. సవరయ్య ముందుగా ఏమీ అనుకుని రాలేదు. ముసలితనపు కడుపు అనగానే అతని నాలుకకు అలవాటైన పేరు ఒకటే. అదే వచ్చింది.

"నాగలక్ష్మి."

"భర్త?"

"కోటేష్."

ఊరు ఇంకేదో చెప్పాడు. ఫోను నంబరు అడిగితే తన నంబరే చెబుతూ, చివరి రెండంకెలు తారుమారు చేశాడు.

గంటన్నర తర్వాత పెద్ద వయసు డాక్టరమ్మ బయటికి వచ్చి అతన్ని కూర్చోబెట్టింది.

"దీన్ని ముత్యాల గర్భం అంటారు. ఇందులో బిడ్డ లేదు. మాయ కావలసింది నీటి బుడగలైంది, అందుకే కడుపు అంత తొందరగా పెరిగింది. ఎవరి తప్పూ కాదు. మరీ చిన్న వయసులో, నలభై దాటాక కొంచెం ఎక్కువగా వస్తుంది. కడిగేశాం. కానీ పని సగమే అయింది. వారం వారం రక్తం చూడాలి, కడుపు తాలూకు హార్మోను పూర్తిగా దిగిపోయేదాకా. దిగినాక కూడా కొన్ని నెలలు. ఒక్కోసారి లోపల మిగిలిన కణాలు ఊపిరితిత్తులకు పాకుతాయి, క్యాన్సరవుతుంది. కనిపెడుతూ ఉంటే మందులకు లొంగేదే. వదిలేస్తేనే కష్టం. అర్థమైందా?"

"అయింది మేడం."

అతనికి అర్థమైంది ఒక్క ముక్కే. బిడ్డ లేదు. అంటే తను చంపింది ఏమీ లేదు, దాచవలసింది కూడా ఇంక లేదు. మిగిలినదంతా దవాఖానాలు మనిషిని మళ్లీ మళ్లీ రప్పించుకోవడానికి చెప్పే మాటలని తేల్చుకున్నాడు. పైగా కొత్తగూడెంలో అల్లుడుంటాడు. వారం వారం ఆ గుమ్మం ఎక్కితే ఏదో ఒక వారం కంటబడక తప్పదు.

సంపూర్ణ రెండుసార్లు గుర్తుచేసింది. "వచ్చే వారం పోదాం" అన్నాడు. తర్వాత మిర్చి మొదలైంది.

మార్చిలో సంపూర్ణకు దగ్గు వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు. మిర్చి కల్లంలో దగ్గనివాళ్లెవరు? ఎర్రకాయలోంచి రంగు పోయిన తాలుగాయ వేరుచేస్తూ పొద్దంతా ఆ ఘాటులో కూర్చుంటే పాతికమందీ దగ్గుతారు. అల్లం, బెల్లం నమిలి మర్నాడు మళ్లీ వస్తారు. సంపూర్ణా అదే చేసింది. తువాల మీద ఎర్రటి మరక కనబడితే మిరపపొట్టు అనుకుని దులిపింది. దులిపినా పోలేదు. ఉతికేసింది.

ఏప్రిల్ ఆఖరుకు ఏరుడు అయిపోయింది. అందరి దగ్గులూ పోయాయి. సంపూర్ణది పోలేదు. ఆ రోజుల్లోనే బ్లెస్సీకి ఆడపిల్ల పుట్టింది. పురుటికి పుట్టింటికి వచ్చిన పిల్లకు తల్లి నీళ్లు కాచి పోసింది గానీ, పాపను ఎత్తుకోబోతే సవరయ్యే అడ్డం పడ్డాడు. "టీబీ అయితే పసిదానికి అంటుకుంటది." సంపూర్ణ గడప అవతల కూర్చుని, మనవరాలిని దూరం నుంచే చూసుకుంది. అలా చూస్తూ ఉండగానే ఒకనాడు దగ్గితే గుప్పెడు రక్తం పడింది. ఊళ్లో దవాఖానా, అక్కడినుంచి మండలం, మండలం నుంచి ఖమ్మం.

డాక్టరమ్మ ఎక్స్‌రే చూసిన మర్నాడు పొద్దున సవరయ్య చెప్పులు వేసుకుంటుంటే సంపూర్ణ పిలిచింది. బ్లెస్సీ ఇంకా రాలేదు. నాగలక్ష్మి టీ తేవడానికి కిందికి పోయింది.

"ఎటు పోతున్నవయ్యా?"

"కొత్తగూడెం."

ఎందుకో ఆమె అడగలేదు. కాసేపు దగ్గి, ఊపిరి తీసుకుని, "నిన్న మేడం అడిగినప్పుడు చెబుదామనే నోరు తెరిచిన," అంది. "బిడ్డ కడుపు మతికొచ్చింది. మరి బ్లెస్సీకి కాన్పయిపాయె గదా. ఇప్పుడు ఆ ఒట్టు ఎవరి మీదున్నట్టు? పాప మీదనా?"

సవరయ్య వంగి చెప్పు పట్టీ సర్దుకున్నాడు. అది సర్దవలసిన చెప్పు కాదు.

అతని లెక్క ఒకటే. ఆ పాత కాయితం తెచ్చి, భార్గవి మేడంను గదిలో ఒంటరిగా పట్టుకుని చూపించాలి. పని జరగాలి, సంగతి బయట పడకూడదు. బస్సులో రెండు గంటలూ ఏమని మొదలుపెట్టాలో కూడబలుక్కున్నాడు. మనిషి నీళ్లలో మునిగిపోతూ కూడా తలపాగా తడవకుండా చూసుకుంటాడు.

నర్సింగ్‌హోములో ప్రమీలే ఉంది. హాలు నిండా కడుపుతో ఉన్నవాళ్లు, వాళ్ల అత్తలు.

"నాగలక్ష్మి పేరు మీద ఒక కాయితం కావాలె సిస్టర్. డిసెంబరుది."

"ఆధార్ ఇవ్వన్నా."

"ఆధార్ లేదు."

"ఆమెదే లేదా? ఫోన్ల ఫొటో అయినా చూపించు."

"నాగలక్ష్మి ఆధార్ తెస్తే పనిగాదు. ఆ పేరు మనిషి ఇక్కడికి రాలేదు." గొంతు తగ్గించాడు. "పేరు నేను మార్చి రాయించిన."

తగ్గించినా హాలు వినేసింది. ప్రమీల అతన్ని ఒకసారి ఎగాదిగా చూసి, పాత రిజిస్టరు తీసి, పేజీలు తిప్పి ఒక చోట వేలు పెట్టింది. ఆ పేరు పక్కన ఎర్ర సిరాతో వరసగా టిక్కులు ఉన్నాయి.

"ఏడు సార్లు చేసినన్నా ఈ నంబరుకు. ముక్క పరీక్ష రిపోర్టొచ్చింది, జల్దీ రమ్మని. మొదటిసారి ఎత్తినాయన రాంగ్ నంబర్ అన్నడు. రెండోసారి తిట్టిండు. మూడోసారి, 'ఎవలమ్మా ఈమె, గింతగనం దేవులాడుతున్నవు, ఏమైందామెకు' అని అడిగిండు. చెప్పిన. అప్పటిసంది ఆయనే చేస్తడు, పదిహేను రోజులకొక్కసారి, ఆ నాగలక్ష్మి దొరికిందా అని. హాతీరాం అంట. ఎర్రుపాలెం దిక్కు తండా. వాళ్ల దేవతకు మొక్కిండంట గూడ." రిజిస్టరు మూసింది. "పేరు తప్పు, ఊరు తప్పు, ఫోను తప్పు. ఆమెకొచ్చిన కడుపన్నా నిజమేనా, అది గూడ తప్పు చెప్పినవా?"

హాలులో ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండునని సవరయ్యకు అనిపించింది. ఇన్నేళ్లు పాతికమందిని నవ్వించాడు. ఒక మనిషిని మాటతో కొట్టినప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు నవ్వకపోతే దెబ్బ ఎంత లోతుకు దిగుతుందో అతనికి ఇవాళే తెలిసింది.

ప్రమీల లోపలికి పోయి డాక్టరమ్మకు చెప్పింది. పెద్దావిడ కాయితంతో స్వయంగా బయటికి వచ్చింది. సవరయ్య ఎక్స్‌రే సంగతి చెప్పాడు.

"ఊపిరితిత్తుల్లో మచ్చలా? సూది పెట్టారా?"

"రేపు పెడతరంట."

"పెట్టనివ్వకు. ఇది అదే అయితే ఆ మచ్చల నిండా రక్తమే ఉంటుంది. పొడిస్తే ఆగదు. బస్సు దిగి నేరుగా ఈ కాయితం వాళ్ల చేతిలో పెట్టు. ఒంటరిగా దొరికే దాకా ఆగుతానని మాత్రం అనుకోకు." సవరయ్య మొహంలో ఏం చదివిందో ఆ ముసలావిడ, చివరి మాట నొక్కి అంది.

వార్డులో అడుగు పెట్టేసరికి నాలుగు దాటింది. భార్గవి మేడం సంపూర్ణ మంచం దగ్గరే ఉంది. బ్లెస్సీ ఒక పక్క, నాగలక్ష్మి ఒక పక్క. రేపటి సూదికి సంతకం కోసం కాయితాలు మంచం మీద పరిచి ఉన్నాయి.

"మేడం, ఒక్కసారి బయటికి..."

"ఏముందో ఇక్కడే చెప్పండి. నాకింకా పన్నెండు మంది ఉన్నారు." అతని చేతిలో కాయితం చూసి అందుకుంది. చదువుతూ చదువుతూ ఆమె నుదురు ముడిపడింది.

"ముత్యాల గర్భం, డిసెంబరు ఇరవై రెండు. నాగలక్ష్మి, భర్త కోటేష్." తలెత్తింది. "ఎవరీ నాగలక్ష్మి?"

"నేనే మేడం," అంది నాగలక్ష్మి తెల్లబోతూ.

"నీకా ఇది జరిగింది?"

నాగలక్ష్మి కాయితం వంక చూసింది, సవరయ్య వంక చూసింది, మంచం మీద కళ్లు మూసుకున్న సంపూర్ణ వంక చూసింది. ఆమెకు అంతా అర్థమైంది. కాదు అనలేదు, అవును అనలేదు. మూడేళ్ల కింద మిరప సాళ్ల మధ్య ఎలా ఊరుకుందో అలాగే ఊరుకుంది.

ఆ కాస్త వ్యవధిలో సవరయ్యకు పాడు ఆలోచన ఒకటి వచ్చి పోయింది. ఇప్పుడు నాగలక్ష్మి గనక "అవ్, నాదే" అంటే! ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే ఉమ్ము వేయాలనిపించింది. మంచం మీద సంపూర్ణ దగ్గింది. తువాల మీద ఎర్రటి మరక. మిరపపొట్టు కాదు.

"ఆమెది కాదు మేడం," అన్నాడు. "నా పెండ్లాంది. సంపూర్ణది. పేరు నేనే మార్చి చెప్పిన. రక్తం పరీక్షకు రమ్మంటే తోల్కపోనిది గూడ నేనే."

వార్డులో అటు ఇటు మంచాల వాళ్లు కూడా తలలు తిప్పారు. బ్లెస్సీ తండ్రి వైపు తిరిగింది.

"ఎప్పుడు నాయినా?"

"నీకు అయిదో నెల."

"క్రిస్మస్‌కు నేనొచ్చినప్పుడు అమ్మకు జరమని పండబెట్టినవ్. అదేనా?"

"అదే."

"నేను పక్కల కూసుండి కేకు తిన్న గద నాయినా. పాపను గూడ ముట్టనియ్యకపోతివి అమ్మను," అని బ్లెస్సీ మంచం పట్టె పట్టుకుని కింద కూర్చుండిపోయింది.

నాగలక్ష్మి అప్పుడు మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"నా కడుపు మీద సీజనంతా నవ్వినవు మేస్త్రీ. నీ నవ్వుకు భయపడే నేను తీయించుకున్న. నాకు మంచిగనే ఉండెనో, గీమె లెక్కనే ఉండెనో, అది గూడ తెల్వదు. ఇప్పుడు నీ పెండ్లాం కడుపు గూడ తెచ్చి నా పేరుకే కట్టినవా? నా పేరు నీకు గంత అలకగ దొరికిందా?"

"తర్వాత తిట్టుకోండమ్మా," అంది భార్గవి. సూది కాయితాలు తీసి మడిచేసింది. "సిస్టర్, మూత్రం పట్టీ తెండి."

పది నిమిషాల్లో పట్టీ మీద రెండు గీతలు పడ్డాయి. కడుపులో ఏమీ లేని మనిషికి రెండు గీతలు. సాయంత్రానికి రక్తం రిపోర్టు వచ్చింది. హార్మోను ఉండవలసింది సున్నాకు దగ్గర. ఉన్నది లక్షల్లో.

డాక్టరమ్మ ఈసారి సవరయ్యతో కాకుండా సంపూర్ణతోనే మాట్లాడింది. "నీ తప్పు లేదమ్మా. గోలీలు మింగినందుకూ రాలేదిది. ఊపిరితిత్తులకు పోయినా చాలామందికి మందులతోనే కరిగిపోతుంది. అయితే ఆలస్యం చేశారు. మొదట్లో వచ్చుంటే ఒక్క మందుతో అయ్యేది, ఇప్పుడు రెండు మూడు కలిపి ఎక్కించాలి. జుట్టు ఊడుతుంది, నీరసం వస్తుంది, నెలలు పడుతుంది. రేపు పొద్దున హైదరాబాదు క్యాన్సర్ దవాఖానాకు పంపిస్తాను."

సంపూర్ణ అంతా విని ఒక్కటే అడిగింది.

"మేడం, ఇది అంటుకుంటదా?"

"అంటుకోదమ్మా."

"పసిపిల్లలకు గూడ?"

"ఎవరికీ అంటుకోదు."

సంపూర్ణ కింద కూర్చున్న కూతురి తల మీద చెయ్యి పెట్టింది. "రేపు బయలెల్లే ముందు పాపను తెస్తవా బిడ్డా? ఒక్కసారి ఎత్తుకుంట."

హైదరాబాదుకు రాసే కాయితం కోసం సవరయ్య కింద కౌంటరు దగ్గర వరుసలో నిలబడ్డాడు. గుమాస్తా తలెత్తకుండా అడిగాడు.

"పేషెంటు పేరు?"

"సంపూర్ణ."

"భర్త?"

"సవరయ్య. మద్దులగుంపు."

"ఫోన్ నంబరు?"

చెప్పాడు. చివరి రెండంకెలూ సరిగ్గా చెప్పి, గుమాస్తా చేత మళ్లీ చదివించుకున్నాడు.

ఆసుపత్రి గేటు దగ్గర, బండ్ల రొదలో, ఆ రెండంకెలూ తారుమారు చేసి ఫోను చేశాడు. రెండు రింగులకే ఎత్తారు. వయసు మళ్లిన గొంతు.

"ఎవలు?"

"అన్నా, కొత్తగూడెం దవాఖానా సంగతి. నాగలక్ష్మి అని..."

"దొరికిందా?" ఆ గొంతు ఆత్రంగా అడిగింది. "మంచిగున్నదా పానం?"

"దొరికింది. మంచిగ లేదు. మందులకు తక్కువయితదంటున్నరు."

"అయితది తమ్మీ, అయితది. నువ్వామెకు ఏమయితవు?"

"భర్తను," అన్నాడు సవరయ్య. "ఆమె పేరు నాగలక్ష్మి కాదన్నా. సంపూర్ణ. నంబరు గూడ నేనే తప్పు చెప్పిన. కావాలనే చెప్పిన."

అవతల మేక అరుపు ఒకటి వినిపించింది.

"కావాలనే చెప్పినవా," అన్నాడు హాతీరాం. అది ప్రశ్న కాదు. "మరి నేను ఆరు నెలలసంది ఇంకెవలి పేరు మీదనో మొక్కుతున్న."

"అవ్ అన్నా."

"నీతోని నాకేం మాటలున్నయ్ తమ్మీ? ఫోను ఆమెకియ్యి."

సవరయ్య మెట్లెక్కాడు. ఫోను చెవికి దూరంగా, చేతిలో దీపం పట్టుకున్నట్టు పట్టుకుని వార్డులోకి నడిచాడు. సంపూర్ణ మంచం పక్కన తను కూర్చునే స్టూలు మీద నాగలక్ష్మి కూర్చుని బత్తాయి వొలుస్తోంది. లేవలేదు. బ్లెస్సీ మొహం తిప్పుకుంది. అతను మంచం కాళ్ల వైపు నుంచి వంగి ఫోను అందించాడు.

"ఎవరయ్యా?" అంది సంపూర్ణ.

"నీ బాగు అడిగే మనిషి," అన్నాడు.

సంపూర్ణ ఫోను చెవికి పెట్టుకుంది. సవరయ్య గోడ వరకు వెనక్కి జరిగి, అక్కడ నిలబడ్డాడు.